బిల్లు ఇవాళ ఎవరి చేతిలో ఉంది? విశాఖ నుంచి చట్టాల వెంట నడిచిన నా అనుభవం

కొత్త బిల్లు ఏదైనా పేపర్లో పడగానే చాలామంది చేసే మొదటి పని, సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌కు వెళ్లి అర్జీ ఇవ్వడం. అర్జీ తీసుకుంటారు, రసీదూ ఇస్తారు. కానీ చట్టం చేయడంలో కలెక్టర్‌కు పాత్ర లేదు. ఆయన ఆ కాగితాన్ని పైకి పంపగలరు, అంతకు మించి చేయగలిగింది లేదు. అది పై ఆఫీసుకు చేరేలోపు బిల్లు సభ దాటిపోతుంది.

బిల్లు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ పోతుంది. శాఖ, మంత్రివర్గం, శాసనసభ, మండలి, గవర్నర్, ఒక్కోసారి రాష్ట్రపతి, చివరికి కోర్టు. ఎవరికి ఎంత అధికారం, ఎన్నాళ్ల గడువు అన్నది రాజ్యాంగమే రాసిపెట్టింది. ఇవాళ అది ఎవరి చేతిలో ఉందో తెలుసుకోకుండా రాసిన వినతిపత్రం ఎంత బాగున్నా పనికిరాదు. కాలనీ సంఘాలకూ మత్స్యకార సంఘాలకూ అభ్యంతరాలు రాసిపెట్టే పనిలో నేను పాటించే వరుస ఇది.

ముందు బిల్లు పాఠం సంపాదించాలి. వార్త చదివి అభ్యంతరం రాయకూడదు. శాసనసభ వెబ్‌సైట్‌లోనో, పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైట్‌లోనో, గెజిట్‌లోనో దొరుకుతుంది. తెలుగు ప్రతి ఉంటే అర్థం చేసుకోవడానికి మేలే. కానీ 348వ అధికరణ ప్రకారం గవర్నర్ అధికారంతో గెజిట్‌లో వచ్చే ఇంగ్లీషు పాఠమే ప్రామాణికం. కాబట్టి క్లాజు నంబరు, అందులోని మాటలు ఇంగ్లీషు ప్రతి నుంచే ఎత్తి రాయాలి, మన వాదన తెలుగులో రాసుకోవచ్చు.

నేను బిల్లును వెనక నుంచి చదువుతాను. పీఠికలో ఉద్దేశాలు అందంగానే ఉంటాయి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. అసలు సంగతి చివరి పేజీల్లో ఉంటుంది. నిబంధనలు చేసే అధికారం ఎవరికిచ్చారు? సివిల్ కోర్టుకు వెళ్లకుండా అడ్డుకట్ట వేశారా? అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో? చట్టం ఎప్పటి నుంచి అమలు: గెజిట్ తేదీ నుంచా, 'ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి' అనా? 'నిర్ణయించిన విధంగా' (అంటే వివరాలు తర్వాత నిబంధనల్లో చెబుతామని) అన్న మాట బిల్లులో ఎన్నిచోట్ల ఉందో గీత గీసుకుంటూ పోతే, సభ తన పనిలో ఎంత భాగాన్ని శాఖకు అప్పగించేసిందో తెలిసిపోతుంది. బిల్లుకు జతచేసే ఆర్థిక మెమొరాండం, అధికారాల అప్పగింత మెమొరాండం కూడా చదవాలి. ఏ అధికారాన్ని కిందికి దించారో రెండోదాంట్లో ప్రభుత్వమే చెప్పుకుంటుంది.

ఆ తర్వాత, కేంద్రం, రాష్ట్రం ఏ విషయాల మీద చట్టాలు చేయొచ్చో పంచిపెట్టిన రాజ్యాంగం ఏడో షెడ్యూలు. బిల్లు విషయం రాష్ట్ర జాబితాలో ఉందా, ఉమ్మడి జాబితాలో ఉందా, కేంద్ర జాబితాలోకి చొరబడుతోందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే బిల్లు ఎక్కడ ఆగే అవకాశం ఉందో సగం తేలిపోతుంది.

బిల్లు సభకు రాకముందు దశలో పౌరుడికి దక్కేది తక్కువ. కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది: బిల్లు ముసాయిదాను, వివరణతో సహా, కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని. అది విధానమే తప్ప చట్టం కాదు, పైగా కేంద్ర మంత్రిత్వ శాఖల కోసం పెట్టుకున్నది. రాష్ట్ర బిల్లులకు ఆ హక్కు అడగలేం. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో సచివాలయానికి దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే మంత్రివర్గ పత్రాలకు సెక్షన్ 8(1)(ఐ) కింద మినహాయింపు ఉంది. నిర్ణయం జరిగి, ఆ వ్యవహారం ముగిసిన తర్వాతే కారణాలు, ఆధారపత్రాలు బయటపెట్టాలి. అందుకని ముందే మంత్రివర్గ నోట్ అడిగి నిరాకరణ తెచ్చుకునే బదులు, శాఖ చేయించిన సర్వేలు, నిపుణుల కమిటీ నివేదికలు అడగడం మేలు.

సభలో ప్రవేశపెట్టాక కాలం పరుగెడుతుంది. రాష్ట్రంలో చాలా బిల్లులు ఒకటి రెండు రోజుల్లోనే శాసనసభ దాటేస్తాయి. పాలనా వికేంద్రీకరణ బిల్లు 2020 జనవరి 20న ప్రవేశపెట్టారు, అదే రోజు ఆమోదించారు. అంత వేగంలో పది పేజీల వినతిపత్రం ఏ ఎమ్మెల్యే చదవరు. చదవలేదని కోప్పడి లాభం లేదు. ఒక్క పేజీ చాలు: క్లాజు నంబరు, ఇప్పుడున్న మాటలు, దాని బదులు పెట్టాల్సిన మాటలు, పెట్టకపోతే విశాఖలో ఎవరికి ఏం జరుగుతుందో రెండు వాక్యాలు. సవరణ ప్రతిపాదించాలంటే సభ్యులు ముందుగా నోటీసు ఇవ్వాలి. సవరణ మాటలు సిద్ధంగా చేతిలో పెడితే వాళ్లకు సంతకం పెట్టే పనే మిగులుతుంది. 'ఈ బిల్లు ప్రజావ్యతిరేకం, వెనక్కి తీసుకోవాలి' అని రాస్తే దాన్నుంచి ఎవరూ సవరణ తయారుచేయలేరు.

ఎమ్మెల్యేలతో ఆగిపోకూడదు. మన రాష్ట్రంలో రెండో సభ ఉంది, 58 మంది సభ్యులతో. 1985లో రద్దయి, 2007లో మళ్లీ వచ్చింది. విశాఖ ఓటరుకు ఇక్కడ ఎమ్మెల్సీలు ఉన్నారు: ఉత్తరాంధ్ర పట్టభద్రుల నియోజకవర్గం నుంచి ఒకరు, ఉపాధ్యాయుల నియోజకవర్గం నుంచి ఒకరు. స్థానిక సంస్థల నుంచి ఎన్నికైనవాళ్లు వేరే. పట్టభద్రుడిగా పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఆ సంగతి వినతిపత్రంలో ఒక ముక్క రాస్తే దాని బరువు వేరు.

మండలికి నిజంగా ఎంత శక్తి ఉందన్నది 2020లో రాష్ట్రమంతా చూసింది. విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా పెట్టిన ఆ పాలనా వికేంద్రీకరణ బిల్లే కాబట్టి ఇక్కడివాళ్లకు ఇంకా బాగా గుర్తు. ఆ ఉదంతం తేదీలు పక్కన రాసుకుని 197వ అధికరణ చదివితే, పుస్తకంలో అర్థంకానిది స్పష్టంగా అర్థమవుతుంది.

ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి డబ్బు విషయాలకే పరిమితమైనది) కాని బిల్లును శాసనసభ ఆమోదించి మండలికి పంపితే, మండలి తిరస్కరించినా, సభకు నచ్చని సవరణలు చేసినా, తన ముందుంచిన రోజు నుంచి మూడు నెలలు దాటినా ఆమోదించకపోయినా, శాసనసభ దాన్ని రెండోసారి ఆమోదించి మళ్లీ పంపొచ్చు. రెండోసారి మండలికి దొరికేది ఒక్క నెల. ఆ నెల దాటితే మండలి ఏం చేసినా, ఏం చేయకపోయినా, బిల్లు రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. పార్లమెంటులో రెండు సభలకు ఏకాభిప్రాయం కుదరకపోతే 108వ అధికరణ కింద ఉమ్మడి సమావేశం ఉంది. రాష్ట్రాలకు అది లేదు. ఇక్కడ మండలి ఆపగలిగింది సుమారు నాలుగు నెలలు, అంతే.

ఇప్పుడు తేదీలు. అప్పటి పాలక పక్షానికి మండలిలో మెజారిటీ లేదు. 2020 జనవరి 22న మండలి చైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో బిల్లులను సెలెక్ట్ కమిటీకి (బిల్లును లోతుగా పరిశీలించే సభ్యుల బృందానికి) పంపుతున్నట్టు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. జనవరి 27న శాసనసభ మండలి రద్దుకే తీర్మానం చేసింది. 169వ అధికరణ ప్రకారం ఆ తీర్మానానికి మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అది ఉన్నా సరిపోదు, పార్లమెంటు చట్టం చేస్తేనే మండలి పోతుంది. పార్లమెంటు చేయలేదు. 2021 నవంబరులో శాసనసభ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. మండలి అలాగే నిలబడింది.

బిల్లు మాత్రం ఆగలేదు. మూడు నెలలు దాటాక, జూన్‌లో శాసనసభ రెండోసారి ఆమోదించింది. మండలి దాన్ని చర్చకు తీసుకోకుండానే జూన్ 17న నిరవధికంగా వాయిదా పడింది. ఇంకో నెల గడిచింది. జూలై 31న గవర్నర్ ఆమోదముద్ర వేశారు. జనవరి నుంచి జూలై దాకా మండలి చేసిన పని అడ్డుకోవడం కాదు, ఆలస్యం చేయడం. ఆ ఆలస్యం చిన్నది కాదని నా అభిప్రాయం. అభ్యంతరం ఉన్నవాళ్లు కాగితాలు కూడగట్టుకోవడానికి, న్యాయవాదులను కలవడానికి, వాదన సిద్ధం చేసుకోవడానికి దొరికిన వ్యవధి అదే. చట్టమైన నాలుగైదు రోజులకే, ఆగస్టు 4న, హైకోర్టు యథాతథ స్థితి ఆదేశం వచ్చింది.

ద్రవ్య బిల్లయితే ఈ లెక్కంతా చెల్లదు. మండలికి 14 రోజులు, అదీ సిఫారసులు చేయడానికే. అది ద్రవ్య బిల్లా కాదా అన్నది స్పీకర్ నిర్ణయిస్తారు. అందుకే బిల్లు మీద ఆ ధ్రువీకరణ ఉందేమో చూసుకున్నాకే ఎమ్మెల్సీల చుట్టూ తిరగాలి.

గవర్నర్ దశలో వినతిపత్రాలు ఎక్కువ వెళ్తాయి, ఫలితం తక్కువ. 200వ అధికరణ కింద గవర్నర్ ఆమోదించవచ్చు, రాష్ట్రపతి కోసం ఉంచవచ్చు, లేదా ఆమోదం ఇవ్వకుండా సభకు తిప్పి పంపవచ్చు. తిప్పి పంపినదాన్ని సభ మళ్లీ ఆమోదిస్తే ఇక నిరాకరించే వీల్లేదు. గడువు మాత్రం రాజ్యాంగంలో అంకెల్లో లేదు, 'వీలైనంత త్వరగా' అనే ఉంది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరు 20న, రాష్ట్రపతి అడిగిన సలహాకు జవాబిస్తూ, ఐదుగురి ధర్మాసనం కోర్టులు అలా గడువులు విధించలేవని, 'ఆమోదించినట్టే' అని భావించడం కుదరదని చెప్పింది. బిల్లును సభకు పంపకుండా ఊరికే ఆమోదం ఆపి ఉంచడం కూడా కుదరదని, అకారణంగా దీర్ఘకాలం కదలకపోతే నిర్ణయం తీసుకోమని కోర్టు పరిమితంగా ఆదేశించవచ్చని అందులోనే ఉంది. గవర్నర్‌కు రాసేటప్పుడు బిల్లు మంచిదా చెడ్డదా అన్న వాదన పెట్టకండి, అది సభలో తేలాల్సింది. కేంద్ర చట్టంతో ఫలానా సెక్షన్ దగ్గర ఢీకొంటోందనో, హైకోర్టు అధికారాలను తగ్గిస్తోందనో చూపించగలిగితే అది గవర్నర్ చూడాల్సిన విషయమే.

ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం వెళ్లాలంటే 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. దిశ బిల్లును శాసనసభ 2019 డిసెంబరు 13న ఆమోదించింది. శిక్షాస్మృతినీ, నేర విచారణ విధానాన్నీ మార్చే బిల్లు కాబట్టి రాష్ట్రపతికి వెళ్లింది. ఆమోదం రాలేదు. పోలీస్ స్టేషన్లకూ, యాప్‌కూ ఆ పేరు పెట్టడంతో ఇప్పటికీ 'దిశ చట్టం కింద కేసు పెట్టండి' అని అడిగేవాళ్లు ఉన్నారు. అది చట్టం కాలేదు. సభ ఆమోదించింది కదా అని అమల్లో ఉందనుకోకూడదు. చట్టం నంబరు, గెజిట్ తేదీ, అమలు నోటిఫికేషన్, ఈ మూడూ చూడాలి.

పాడేరు, అరకు వైపు వెళ్తే మళ్లీ వేరే దారి. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద, ఏ చట్టమైనా షెడ్యూల్డు ప్రాంతానికి (గుర్తించిన గిరిజన ప్రాంతానికి) వర్తించదని గాని, మార్పులతో వర్తిస్తుందని గాని గవర్నర్ నోటిఫై చేయవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో రెగ్యులేషన్లు, అంటే ఆ ప్రాంతానికే వర్తించే చట్టాల్లాంటివి, కూడా చేయవచ్చు. గిరిజన ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిపరచిన 1970 సవరణ అలా వచ్చినవే. బొర్రా పరిసరాల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఆ రెగ్యులేషన్‌ను ఆధారం చేసుకునే, ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇవ్వకూడదని తేల్చింది. అదే అధికారానికి అవతలి హద్దు కూడా ఇక్కడే కనిపించింది. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఐదో షెడ్యూలు అధికారమైనా ప్రాథమిక హక్కులకు లోబడాల్సిందేనని చెప్పింది. ఆ తీర్పుతో ఏజెన్సీ యువతకు జరిగిన నష్టం నాకు బాధ కలిగిస్తుంది. జీవో మార్గం ఎందుకు నిలవలేదో చదవకుండా మళ్లీ అదే జీవో కావాలని అడిగితే మళ్లీ అక్కడే పడుతుంది.

గవర్నర్ తెచ్చే తాత్కాలిక చట్టం, ఆర్డినెన్సు, సభ సమావేశంలో లేనప్పుడు మాత్రమే. సభ మళ్లీ సమావేశమైన ఆరు వారాలకు దాని ఆయుష్షు తీరుతుంది. రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించిన ఆర్డినెన్సు 2020 ఏప్రిల్ 10న వచ్చింది, మే 29న హైకోర్టు కొట్టేసింది. ఆర్డినెన్సు మీద సభ్యులకు వినతిపత్రం ఇచ్చి సభ కోసం ఎదురుచూసేకన్నా, హక్కు దెబ్బతింటే నేరుగా కోర్టుకు వెళ్లడమే దారి.

నా అనుభవంలో విశాఖవాసికి ఎక్కువగా తగిలేది చట్టం కాదు, చట్టం కింద వచ్చే నోటిఫికేషన్. తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు చూడండి. 'ఇది ఏ సభలో పాసయింది బాబూ?' అని మత్స్యకారులుండే పెదజాలారిపేటలో అడుగుతారు. ఏ సభలోనూ కాలేదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 3 కింద కేంద్రం గెజిట్‌లో వేసిన నోటిఫికేషన్ అది. 2011 నాటి నోటిఫికేషన్‌లో గ్రామీణ తీరానికి పోటు రేఖ (పోటు సమయంలో సముద్రపు నీళ్లు చేరే గీత) నుంచి 200 మీటర్లు నిర్మాణ నిషేధ ప్రాంతం. 2019 జనవరి 18 నాటిదాంట్లో ఆ తీరాన్ని రెండుగా చీల్చారు. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనం ఉన్నచోట 50 మీటర్లు, మిగతాచోట 200 మీటర్లే. ఇళ్లు, హోటళ్లు, పడవలు నిలిపే జాగా, వలలు ఆరేసే జాగా, అన్నిటినీ ఈ అంకెలే నిర్ణయిస్తాయి.

అయితే ఇందులో పట్టుకోదగ్గ కొస ఒకటి ఉంది. కొత్త తీర నిర్వహణ ప్రణాళిక సంప్రదింపులతో తయారై ఆమోదం పొందితేనే ఆ 50 మీటర్లు, అప్పటిదాకా 200 మీటర్లే. అంటే జిల్లాలో జరిగే బహిరంగ విచారణ ఉత్తుత్తి తంతు కాదు. అక్కడ చెప్పింది రికార్డులోకి ఎక్కుతుంది. ముసాయిదా నోటిఫికేషన్ దశలో అయితే పర్యావరణ నిబంధనలు గెజిట్ ప్రతి జనానికి అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 60 రోజులు ఇస్తాయి. వార్త వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే తప్పిపోతుంది.

ఇలాంటి విచారణల్లో అభ్యంతరం చెడిపోయేది ఎక్కువగా ఒకే కారణానికి: 'మా ఊరిని కాపాడండి' అని రాస్తారు. మ్యాపు మీద అభ్యంతరాన్ని మ్యాపు భాషలోనే చెప్పాలి. మ్యాపు షీటు నంబరు, గ్రామం, సర్వే నంబరు, ఫోన్‌లో తీసిన అక్షాంశ రేఖాంశాలు, అదే చోట తీసిన ఫొటో. 'షీటులో ఫలానా చోట ఖాళీ ఇసుకగా చూపారు. అక్కడ పడవల రేవు ఉంది. ప్రణాళికలో దాన్ని మత్స్యకారుల ఉమ్మడి జాగాగా గుర్తించండి.' ఇది వాక్యం. పోటు రేఖ మీద వాదన పెట్టేముందు ఆ రేఖను గుర్తించేది చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రమని తెలుసుకోవాలి. జిల్లా అధికారితో ఎంత వాదించినా ఆయన ఆ గీతను జరపలేరు. ఒకే నమూనా మీద వందమంది సంతకాలు పెట్టిన కాగితం కన్నా, పది వేర్వేరు సర్వే నంబర్ల మీద పది కాగితాలు మేలు. వందా ఒక అభ్యంతరంగానే లెక్కవుతాయి, పదింటికీ పది జవాబులు రాయాలి.

మిగిలింది కోర్టు. హైకోర్టు అమరావతిలో, నేలపాడులో ఉంది, 226వ అధికరణ కింద రిట్. బిల్లుగా ఉండగా వెళ్తే తొందరపాటని తిప్పి పంపుతారు. ఫలానా చట్టం చేయమని సభను ఆదేశించాలని అడిగినా కుదరదు. 'చర్చ లేకుండా గంటలో ఆమోదించారు' అన్నది బయట ఎంత బలంగా వినిపించినా, 212వ అధికరణ సభా విధానంలోని లోపాలను కోర్టు ముందుకు తేవడానికి ఒప్పుకోదు. నిలిచే వాదనలు ఇవి: సభకు ఆ విషయం మీద అధికారం లేదు, ప్రాథమిక హక్కు దెబ్బతింది, రాజ్యాంగంలోని మరో నిబంధనకు విరుద్ధం. నిబంధనలూ జీవోలూ అయితే ఇంకో వాదన ఉంది, బహుశా అన్నిటికన్నా తేలికైనది: మాతృ చట్టం ఇచ్చిన అధికారాన్ని దాటింది, లేదా ఆ చట్టం చెప్పిన అభ్యంతరాల గడువును పాటించలేదు.

ఆ వికేంద్రీకరణ చట్టం మీద నడిచిన మూడు రాజధానుల కేసు నిలబడింది అధికారం అన్న మొదటి వాదన మీదే. ప్రభుత్వం 2021 నవంబరులో చట్టాలను రద్దు చేసుకున్నా హైకోర్టు విచారణ ఆపలేదు. 2022 మార్చి 3న, రాజధానిని మార్చే చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని తీర్పిచ్చింది, నిర్మాణాలకు గడువులూ పెట్టింది. నవంబరు 28న సుప్రీంకోర్టు ఆ గడువుల ఆదేశాల మీద స్టే ఇచ్చింది. సభకు హద్దు చెప్పిన కోర్టుకూ పై కోర్టు ఉంది. విశాఖకు రాజధాని కావాలనుకున్నవాళ్లూ వద్దనుకున్నవాళ్లూ ఈ తీర్పును పూర్తిగా చదవాలని కోరుకుంటాను.

కోర్టుకు వెళ్లే అవసరం వస్తుందో రాదో ముందు తెలియదు కాబట్టి, మొదటి రోజు నుంచే ఫైలు కట్టుకోవాలి. బిల్లు ప్రతి, చట్టమయ్యాక గెజిట్ ప్రతి, అమలు నోటిఫికేషన్, మన వినతిపత్రం, దాని స్పీడ్ పోస్ట్ రసీదు, డెలివరీ నివేదిక ప్రింటు, వచ్చిన జవాబు. జీవోలు కనిపించిన రోజునే డౌన్‌లోడ్ చేసుకుని తేదీతో దాచాలి. 2021 ఆగస్టులో జీవోలను సైట్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో మళ్లీ మొదలైంది, మధ్యలో వచ్చినవాటిలో కొన్ని వెతుక్కోవడం కష్టం. అన్నిటికన్నా పైన ఒక తేదీల పట్టిక ఉండాలి: ఏ రోజు ఎవరి ముందుకు వెళ్లింది, గడువు ఎప్పటిదాకా, మన కాగితం ఏ రోజు అందింది. న్యాయవాది మొదట అడిగేది ఆ పట్టికే.